వారాంతాన్ని ఎవరికి అప్పగిస్తున్నాం? – అమ్మాయిని ట్రావెల్ సాఫ్ట్‌బాల్ జట్టులో చేర్చే ముందు

సంతానం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. వారి తిండి, బట్ట, చదువు చూసినంత మాత్రాన ఆ అమానతు బాధ్యత తీరిపోదు. వారి దేహారోగ్యం, వారి స్నేహాలు, వారి తీరిక వేళలు కూడా అందులో భాగమే. ప్రతి మనిషీ ఒక కాపరి వంటివాడనీ, తన సంరక్షణలో ఉన్నవారిని గురించి అతడు జవాబు చెప్పుకోవలసి ఉంటుందనీ దైవప్రవక్త (స) హెచ్చరించారు.

అమెరికాలో స్థిరపడిన మన తెలుగు ముస్లిం కుటుంబాలకు ఈ బాధ్యత కొన్నిసార్లు మనం ఇక్కడ ఊహించని రూపంలో ఎదురవుతుంది. డాలస్‌లోనో, షికాగోలోనో, న్యూజెర్సీలోనో చదువుకుంటున్న పదేళ్ల అమ్మాయి బడిలో సాఫ్ట్‌బాల్ నేర్చుకుంటుంది. చేతివాటం బాగుందని ఎవరో కోచ్ గమనిస్తాడు. ‘మీ అమ్మాయిని మా ట్రావెల్ జట్టులో చేర్చండి, మంచి భవిష్యత్తు ఉంది’ అంటాడు. అమ్మాయి కళ్లలో మెరుపు. తండ్రి ముందు ఫీజు ఎంతో అడుగుతాడు. తల్లి దుస్తుల సంగతి అడుగుతుంది. కర్నూలులోనో, నిజామాబాదులోనో ఉన్న దాదీ ఫోనులో ‘ఆడపిల్లకు ఊరూరా తిరిగే ఆటలెందుకు బేటా?’ అంటుంది. ముగ్గురివీ సహేతుకమైన ప్రశ్నలే. అయితే వాటన్నిటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది: మన ఇంటి శని, ఆదివారాలను ఎవరి చేతిలో పెడుతున్నాం?

ట్రావెల్ జట్టు అంటే ఏమిటి?

సాఫ్ట్‌బాల్ 1887లో షికాగో నగరంలో పుట్టిన ఆట. బేస్‌బాల్‌కు చెల్లెలి వంటిది. మన దేశంలోనూ పాఠశాలల క్రీడల్లో దీనికి చోటుంది. జట్టుకు తొమ్మిదిమంది ఆడతారు. ఒకరు బంతిని చేయి కిందినుంచి తిప్పి విసురుతారు, ఎదుటివారు బ్యాటుతో కొడతారు. కొట్టినవారు ఒక్కొక్క బేస్‌ను దాటుకుంటూ నాలుగూ చుట్టివస్తే ఒక పరుగు. పదేళ్ల లోపు పిల్లలకు 11 అంగుళాల చుట్టుకొలత గల బంతి, ఆపై వయసువారికి 12 అంగుళాల బంతి వాడతారు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఈ ఆట తొలిసారి పతకాల పట్టికలోకి ఎక్కింది. 2028 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో మళ్లీ కనిపించనుంది.

అమెరికాలో పిల్లలు ఈ ఆట ఆడటానికి ప్రధానంగా రెండు దారులున్నాయి. మొదటిది ఊరి లీగు. దీన్ని రిక్రియేషన్ లీగ్ అంటారు. చుట్టుపక్కల వీధుల పిల్లలు దగ్గరి మైదానంలో కొన్ని వారాలపాటు ఆడతారు. ఖర్చు తక్కువ, వచ్చిన ప్రతి పిల్లకూ ఆడే అవకాశం ఉంటుంది. రెండోది ట్రావెల్ జట్టు. ఇందులో చేరాలంటే ఎంపిక పరీక్ష ఉంటుంది. చాలాచోట్ల వేసవి చివర్లో వీటిని జరుపుతారు. ఎంపికైన పిల్లలు ఇంచుమించు ఏడాది పొడుగునా సాధన చేస్తారు. వారాంతాల్లో ఇతర నగరాలకు, ఒక్కోసారి ఇతర రాష్ట్రాలకు వెళ్లి టోర్నమెంట్లు ఆడతారు. శనివారం తొలిదశ ఆటలు, ఆదివారం గెలుపోటముల ఆటలు. ఆదివారం గెలిచే కొద్దీ ఇల్లు చేరడం ఆలస్యమవుతుంది.

ఆటను ఇస్లామ్ వద్దనలేదు

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. బలహీనుడైన విశ్వాసికన్నా బలవంతుడైన విశ్వాసి అల్లాహ్‌కు ప్రియతముడనీ, అయితే ఇద్దరిలోనూ మేలు ఉందనీ దైవప్రవక్త (స) ప్రవచించారు. ఆయన స్వయంగా హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగుపందెం వేశారు. మొదటిసారి ఆమె గెలిచారు, మరోసారి ఆయన గెలిచారు. కాబట్టి మన ఆడపిల్ల పరుగెత్తడం, బంతి విసరడం, జట్టుతో కలిసి గెలవడం, ఓడిపోయినా ఓర్చుకోవడం నేర్చుకుంటే అది సంతోషించవలసిన విషయమే. దాదీలు, నానీలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. రోజంతా ఫోను పట్టుకుని కూర్చునే పిల్లకన్నా మైదానంలో చెమటోడ్చే పిల్ల ఆరోగ్యం మెరుగు.

అయితే మరో హదీసు మనకు కొలబద్ద ఇస్తుంది. హజ్రత్ అబూ దర్దా (రజి) రాత్రింబగళ్లు ఆరాధనలోనే మునిగి ఇంటివారిని పట్టించుకోకపోవడం చూసి హజ్రత్ సల్మాన్ (రజి) ఆయనకు హితవు చెప్పారు. ప్రభువుకు, దేహానికి, ఇంటివారికి వేర్వేరు హక్కులున్నాయనీ, ఎవరి హక్కు వారికి చెల్లించాలనీ ఆ హితవు సారాంశం. దైవప్రవక్త (స) దాన్ని సమర్థించారు. ఆరాధనే ఇతరుల హక్కులను మింగేయరాదన్నప్పుడు, ఆట సంగతి వేరే చెప్పాలా? ట్రావెల్ జట్టు ప్రతిపాదనను తూచవలసిన త్రాసు ఇదే.

కాలం లెక్క

ఒక జట్టు ఏడాదికి పది టోర్నమెంట్లు ఆడుతుందనుకుందాం. అంటే పది వారాంతాలు పూర్తిగా పోయినట్టే. దీనికి తోడు వారానికి రెండు సాయంత్రాలు సాధన, బంతి విసిరే పిల్ల అయితే మరో సాయంత్రం ప్రత్యేక శిక్షణ. అమెరికాలో మన పిల్లలకు దీనీ విద్య అందేది ఎక్కువగా శని, ఆదివారాల్లో మసీదుల్లో నడిచే మదరసాల్లోనే. ఖుర్ఆన్ పఠనం, సీరత్, తోటి ముస్లిం పిల్లలతో స్నేహం, అన్నీ ఆ రెండు రోజుల్లోనే. టోర్నమెంట్లు పడేదీ సరిగ్గా ఆ రెండు రోజుల్లోనే. వసంతకాలంలో వరుసగా నాలుగైదు వారాలు మదరసా తప్పిన పిల్ల, తిరిగి వెళ్లేసరికి పాఠంలోనూ వెనకబడుతుంది, స్నేహితుల్లోనూ పరాయిదవుతుంది. ఫీజు కట్టిన డబ్బును మళ్లీ సంపాదించుకోవచ్చు. పదేళ్ల వయసులో జారిపోయిన వారాంతాలు మాత్రం తిరిగి రావు.

ఇంట్లో మిగతా పిల్లల హక్కు కూడా చూడాలి. అక్క ఆట చూస్తూ ఎండలో గంటలకొద్దీ మడత కుర్చీలో కూర్చునే తమ్ముడి వారాంతం ఎవరిది? ఆరునెలల సందర్శక వీసాపై మనవలను చూడాలని వచ్చిన దాదీ, నానీ ప్రతి శనివారం తాళం వేసిన ఇంట్లో ఒంటరిగా ఉండిపోతే వారి హక్కు ఏమైనట్టు?

పండుగల సంగతీ ముందే చూసుకోవాలి. ఇస్లామీ నెలలు ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతాయి. 2026లో రమజాన్ ఫిబ్రవరి మూడో వారం నుంచి మార్చి మూడో వారం వరకు. ఆపై ఏళ్లలో మరింత చలికాలంలోకి జరుగుతుంది. అందువల్ల ఉపవాసాలు తీవ్రమైన ఎండల్లో ఆటతో ఢీకొనవు. కానీ బక్రీద్ 2026లో మే చివరి వారంలోనూ, 2027లో మే నెల నడుమనూ వస్తుంది. మే నెల టోర్నమెంట్లు జోరుగా సాగే కాలం. ‘పండుగ రోజు మా అమ్మాయి ఆడదు’ అన్న మాట జట్టులో చేరే రోజునే చెప్పడం మేలు. పండుగ ముందురోజు చెబితే అది జట్టువారికీ ఇబ్బంది, మనకూ మాటపోటు.

ధనం లెక్క

ఆస్పెన్ ఇన్‌స్టిట్యూట్ 2024లో జరిపిన సర్వేలో అమెరికన్ కుటుంబం తన బిడ్డ ఆడే ప్రధాన క్రీడపై ఏడాదికి సగటున 1,016 డాలర్లు ఖర్చు పెడుతున్నట్టు తేలింది. ఇది ఊరి లీగులు కూడా కలిపిన సగటు. ట్రావెల్ జట్టు ఖర్చు సులువుగా దీన్ని దాటిపోతుంది. జట్టు చెప్పే ఫీజు మొదటి మెట్టు మాత్రమే. మంచి బ్యాటు ఒక్కటే మూడు నాలుగు వందల డాలర్లు ఉంటుంది. గ్లవ్, హెల్మెట్, బూట్లు, దుస్తులు వేరు. పెట్రోలు, బయటి భోజనం, హోటలు వేరు. పది టోర్నమెంట్లలో ఆరింటికి రెండేసి రాత్రులు హోటల్లో ఉండవలసి వస్తే, రాత్రికి 150 డాలర్ల చొప్పున 1,800 డాలర్లు గది అద్దెకే పోతాయి. పైగా ‘స్టే టు ప్లే’ అనే నిబంధన పెట్టే టోర్నమెంట్లున్నాయి. నిర్వాహకులు సూచించిన హోటళ్లలోనే బస చేయాలని దాని అర్థం; బంధువుల ఇంట్లో దిగే వీలుండదు.

ఈ మొత్తాన్ని క్రెడిట్ కార్డుపై వేసి, నెలనెలా వడ్డీ కడుతూ తీర్చుకోవడం కొందరు పాటించే పద్ధతి. పిల్ల ఆట కోసం ఇంట్లోకి వడ్డీని ఆహ్వానించడం ఏ విధంగానూ సమంజసం కాదు. స్తోమతు లేకుంటే లేదని చెప్పడం తండ్రికి చిన్నతనం కాదు. వృథా వ్యయం చేసేవారిని దివ్యఖుర్ఆన్ షైతాను సోదరులతో పోల్చిందని గుర్తుంచుకుంటే చాలు.

నిధుల సేకరణ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. చాలా జట్లు ఖర్చుల కోసం లాటరీ టికెట్లు అమ్మిస్తాయి; వాటిని రాఫిల్ అంటారు. పిల్లల చేతికే ఆ టికెట్లు ఇచ్చి అమ్మిరమ్మంటారు. పేరు ఏదైనా అది జూదం కోవలోకే వస్తుంది. మద్యం అమ్మే దుకాణాల పేర్లు చొక్కాలపై ముద్రించుకునే జట్లు కూడా ఉండవచ్చు. వీటికి మా అమ్మాయి దూరంగా ఉంటుందనీ, ఆ వాటా సొమ్ము మేమే నేరుగా చెల్లిస్తామనీ ముందుగానే మర్యాదగా చెప్పవచ్చు.

నమాజు, ప్రయాణం, దుస్తులు

నమాజు నియమిత వేళల్లో చేయవలసిన విధి. టోర్నమెంట్లో అది సాధ్యమేనా అని చాలామంది సందేహిస్తారు. సాధ్యమే. పిల్లల టోర్నమెంట్లలో ఒక్కో ఆటకు సాధారణంగా గంటా పావు, గంటన్నర వరకే గడువు పెడతారు. ఆటకూ ఆటకూ నడుమ ఖాళీ దొరుకుతుంది. డాలస్‌లో జూన్ నెలలో జుహర్ వేళ మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో మొదలవుతుంది, సూర్యాస్తమయం రాత్రి ఎనిమిదిన్నర దాటాకే. కావలసిందల్లా సంచిలో ఒక జానమాజ్, వుజూకు సీసాడు నీళ్లు, మైదానం పక్కన ఒక చెట్టునీడ. హనఫీ పండితుల ప్రకారం 48 మైళ్ల దూరానికి మించి ప్రయాణించి, పదిహేను రోజులకన్నా తక్కువ కాలం బస చేసేవారు జుహర్, అస్ర్, ఇషాలలో నాలుగు రకాతుల ఫర్జ్‌ను రెండుగా చేయాలి. ఫజ్ర్, మగ్రిబ్ మారవు. రెండు నమాజులను కలిపి చేసే విషయంలో పండితుల మధ్య భేదాభిప్రాయాలున్నాయి. మీరు అనుసరించే ఆలిమ్‌ను అడిగి తెలుసుకోండి. చిన్న వయసులోనే ప్రయాణంలో నమాజు చేయడం అలవాటైన పిల్లకు పెద్దయ్యాక ఏ విమానాశ్రయమూ, ఏ కార్యాలయమూ సాకు కాదు.

ప్రయాణంలో తోడు సంగతి మరవరాదు. స్త్రీ దూరప్రయాణానికి మహ్రమ్ తోడు ఉండాలన్నది దైవప్రవక్త (స) బోధ. తోటి పిల్ల తల్లిదండ్రుల కారులో అమ్మాయిని పంపించి, తాము ఇంట్లో ఉండిపోదామనుకుంటే ఈ జట్టు మీకు తగినది కాదు. తండ్రో, అన్నో వెంట వెళ్లగలడా అన్నది ముందే తేల్చుకోవాలి. హోటళ్లలో ఆటగత్తెలంతా ఈతకొలనులో దిగడం, ఒకే గదిలో కలిసి పడుకోవడం వంటి సరదాలు ఉంటాయి. వాటిలో ఏది వద్దో అమ్మాయికి ఇంటి దగ్గరే నచ్చజెప్పాలి, అందరి ముందు కాదు.

దుస్తుల విషయంలో సాఫ్ట్‌బాల్ మనకు కొంత అనుకూలమైన ఆటే. పొడవాటి ప్యాంటు, మేజోళ్లు, చొక్కా లోపల పొడవు చేతుల బనియను, హెల్మెట్ కింద పిన్నులు లేని క్రీడా హిజాబ్ – వీటితో ఆడవచ్చు. న్యూజెర్సీకి చెందిన ఇబ్తిహాజ్ ముహమ్మద్ తల్లి, ఒంటినిండా దుస్తులతో ఆడే కత్తిసాము ఆటను చూసి తన కూతురికి అది తగినదని భావించింది. ఆ కూతురే 2016 రియో ఒలింపిక్స్‌లో హిజాబ్‌తో అమెరికా తరఫున పోటీపడి జట్టు విభాగంలో కంచు పతకం గెలిచింది. అయితే అన్నిచోట్లా దారి ఇంత సాఫీగా ఉండదు. 2019లో ఒహాయో రాష్ట్రంలో నూర్ అబుకరమ్ అనే విద్యార్థిని పరుగుపందెం పూర్తిచేశాక, హిజాబ్‌కు ముందస్తు అనుమతి పత్రం లేదన్న కారణంతో ఆమెను అనర్హురాలిగా ప్రకటించారు. ఆమె పోరాటం ఫలితంగా 2022లో ఆ రాష్ట్రం విద్యార్థుల మతపరమైన దుస్తులకు రక్షణ కల్పిస్తూ చట్టం చేసింది. కాబట్టి కోచ్ నోటిమాటతో సరిపెట్టుకోకుండా, టోర్నమెంటు నిర్వాహకుల సమ్మతిని రాతపూర్వకంగా తీసుకోవాలి.

కోచ్ ఎవరు?

అమ్మాయిల జట్లకు కోచ్‌లుగా మగవారు ఉండటం సాధారణం. తరచు వారు జట్టులోని ఏదో ఒక పిల్ల తండ్రులే. అందులో చాలామంది సజ్జనులే. అయినా జాగ్రత్త అనేది అనుమానం కాదు, బాధ్యత. జిమ్నాస్టిక్స్ వైద్యుడు లారీ నాసర్ దురాగతాలు బయటపడిన తరువాత, 2018లో అమెరికాలో సేఫ్ స్పోర్ట్ చట్టం వచ్చింది. పిల్లలపై అఘాయిత్యం జరిగిందన్న అనుమానం కలిగితే దాని పరిధిలోని క్రీడాసంస్థల పెద్దలు 24 గంటల్లోగా అధికారులకు తెలపాలి. పెద్దలు పిల్లలతో ఏకాంతంగా గడిపే అవకాశాన్ని ఆ సంస్థలు పరిమితం చేయాలి. పరస్త్రీ పరపురుషుల ఏకాంతాన్ని ఇస్లామ్ ఏనాడో నిషేధించింది. ఈ నియమం మనకు కొత్తది కాదు. కోచ్‌ల పూర్వచరిత్రను తనిఖీ చేశారా, అమ్మాయిలకు కోచ్ విడిగా సందేశాలు పంపుతాడా, ఆట నేర్పేటప్పుడు చేయి పట్టుకుని చూపిస్తాడా, మాటతో చెబుతాడా, జట్టులో మహిళా కోచ్ ఉందా – ఇవన్నీ అడగడం తల్లిదండ్రుల హక్కు.

దేహం హక్కు, కళాశాల ఆశ

పిల్లలు వారానికి ఒకటి రెండు రోజులైనా ఆటకు విరామం ఇవ్వాలనీ, ఏ ఒక్క ఆటనైనా ఏడాదిలో మొత్తం మీద మూడు నెలలపాటు మానాలనీ, పదిహేను పదహారేళ్లు వచ్చేదాకా ఒకే ఆటకు కట్టుబడకపోవడం మేలనీ అమెరికా పిల్లల వైద్యుల సంఘం సలహా ఇస్తోంది. చేయి కిందినుంచి విసిరితే భుజానికి నొప్పి రాదన్న నమ్మకం నిజం కాదు. విరామం లేకుండా విసిరే పిల్లల భుజాలు, మోచేతులు దెబ్బతింటాయి. జట్టు ఏడాదిలో ఎన్ని నెలలు సెలవు ఇస్తుందో అడగండి. సెలవే లేదంటే మీకు జవాబు దొరికినట్టే.

‘కాలేజీలో స్కాలర్‌షిప్ వస్తుంది’ అన్న మాట చాలా ఇళ్లలో త్రాసును ఒకవైపు ఒరిగిస్తుంది. వాస్తవం ఏమిటంటే, హైస్కూలు స్థాయిలో సాఫ్ట్‌బాల్ ఆడే ప్రతి వందమందిలో ఎన్‌సీఏఏ పరిధిలోని కళాశాల జట్లకు చేరేవారు ఐదారుగురే. వారందరికీ పూర్తి స్కాలర్‌షిప్ రాదు. పైగా అగ్రశ్రేణి కళాశాలల కోచ్‌లు, అమ్మాయి పదకొండో తరగతి చదివే ఏడాది సెప్టెంబర్ 1వ తేదీకి ముందు ఆమెతో ఎంపిక గురించి మాట్లాడరాదన్న నిబంధన ఉంది. మరి పదేళ్ల పిల్లను ఎవరి కంట పడేలా చేయడానికి ఊరూరా తిప్పుతున్నట్టు? ఆటను ఆటగా ఆడించండి. పెట్టుబడిగా చూస్తే పిల్ల ఒక్క బంతి వదిలేసినా తండ్రి ముఖం మాడుతుంది, ఆ ముఖాన్ని పిల్ల మరచిపోదు.

సంతకానికి ముందు

కొన్ని జట్లు ఎంపిక చేసిన రోజే అడ్వాన్సు కట్టమని తొందరపెడతాయి. తొందరపడకండి. ఒకటి రెండు రోజుల గడువు అడిగి, ఇంటిల్లిపాదీ కూర్చుని మష్వరా చేయండి. ఇస్తిఖారా నమాజు చేయండి. జట్టు నిర్వాహకులను ఈ ప్రశ్నలు అడగండి:

1. ఏడాదికి ఎన్ని టోర్నమెంట్లు? వాటిలో ఎన్ని రాత్రి బసతో కూడినవి? తేదీల జాబితా ముందే ఇస్తారా?

2. మొత్తం ఖర్చు ఎంత? మధ్యలో మానేస్తే, గాయమైతే ఎంత తిరిగి ఇస్తారు?

3. జట్టులో ఎంతమంది పిల్లలు? మా అమ్మాయి నిజంగా ఆడుతుందా, బెంచీపై కూర్చుంటుందా?

4. నమాజుకు, మదరసాకు, పండుగలకు గైర్హాజరైతే దాన్ని శిక్షగా ఆటలో చూపిస్తారా?

5. హిజాబ్, పొడవు చేతుల దుస్తులకు రాతపూర్వక సమ్మతి ఇస్తారా?

6. కోచ్‌ల తనిఖీ, పిల్లల భద్రత నియమాలు ఏమిటి?

ఈ ప్రశ్నలకు విసుగు లేకుండా జవాబిచ్చే జట్టు సగం నమ్మదగినది. చిరాకు పడే జట్టు సంగతి అక్కడే అర్థమైపోతుంది.

చివరగా, అమ్మాయినీ అడగండి. ఆమెకు నిజంగా ఆట కావాలా, స్నేహితురాలు చేరిందని చేరాలనుందా? మదరసా స్నేహితులు దూరమవుతారని తెలిసీ కావాలంటోందా? సందేహం ఉంటే ఒక ఏడాది ఊరి లీగులో ఆడించి చూడండి. ఇంటికి పది నిమిషాల దూరంలో ఆడి, మగ్రిబ్ వేళకు ఇల్లు చేరే పిల్ల ఏమీ కోల్పోదు. కొన్ని కుటుంబాలు రెండు మూడు టోర్నమెంట్లు మాత్రమే ఆడే చిన్న జట్లను ఎంచుకుంటాయి. మరికొన్ని హైస్కూలు జట్టు దాకా ఆగుతాయి. ట్రావెల్ జట్టులోనే చేరి, అన్ని హక్కులూ నెరవేర్చగల కుటుంబాలూ ఉంటాయి. వారిని తప్పుపట్టవలసిన పనిలేదు. ఎవరి స్తోమతు వారికి తెలుసు.

ప్రభువు హక్కు, దేహం హక్కు, ఇంటివారి హక్కు – ఈ మూడూ చెల్లిన తరువాత మిగిలిన కాలంలో ఎంత ఆట ఇముడుతుందో, అంత ఆటే మన పిల్లకు మేలు. మన సంతానాన్ని దేహంలోనూ దీన్‌లోనూ బలవంతులుగా ఎదిగించే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.